జానీ లీవర్ మనవాడంటే చాలదు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. చదివాక మీ మాట కూడా చెప్పండి.

ఏటా ఆగస్టు 14 వచ్చిందంటే మన గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతుంది. జానీ లీవర్ నవ్వుముఖం, కింద 'ఈయన మన తెలుగువాడని మీకు తెలుసా?' అని ఒక ప్రశ్న. దానికింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. మరుసటి రోజు జెండా ఫొటోలు వచ్చి పడతాయి, ఆ ఫొటో పైకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాదికి గాని ఆయన మాట ఎవరికీ గుర్తు రాదు.

మనవాడు అనుకోవడంలో తప్పేం లేదు. ఊరు విడిచి వచ్చి మూడు నాలుగు తరాలైన మనలాంటివాళ్ళకి, పేరు తెచ్చుకున్న ప్రతి తెలుగువాడూ కాస్త బలమే. కాని మనవాడు అని చెప్పుకునేటప్పుడు ఆయన ఎక్కడ పుట్టాడన్నది ఒక్కటే చూస్తున్నాం. ఎక్కడ తయారయ్యాడన్నది చూడటం లేదు. అది చూస్తే మన సంఘాలకి ఒక పని తేలుతుంది. ఈ రాత ఆ పని గురించే.

ముందు తెలిసిన సంగతులు వరసగా పెడతాం.

జానీ లీవర్ గారి అసలు పేరు జాన్ ప్రకాశ్ రావు. ఇంటిపేరు జనుమల. 1957 ఆగస్టు 14న పుట్టారు. తెలుగు క్రైస్తవ కుటుంబం, సొంత ఊరు కనిగిరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మెట్ట నేల, వానకి ఎదురుచూసే బతుకులు. అలాంటి సీమ నుంచి జనం మద్రాసుకి, బెంగుళూరుకి, బొంబాయికి పోవడం కొత్త సంగతేం కాదు. మన ఇళ్ళల్లో కూడా తాతలో ముత్తాతలో అలా బయలుదేరినవాళ్ళే జాస్తి.

బొంబాయికి తెలుగువాళ్ళు వెళ్ళడం చాలా పాత కథ. కామాఠీపురా అనే పేరే అక్కడ స్థిరపడిన తెలుగు కూలీల వల్ల, అంటే కామాఠీల వల్ల వచ్చింది. బట్టల మిల్లుల్లో మన పద్మశాలీలు వేలమంది పనిచేశారు. జానీ లీవర్ నాన్నగారు హిందుస్థాన్ లీవర్ కంపెనీలో ఆపరేటరు. కాపురం ధారావి, మాటుంగా కింగ్స్ సర్కిల్ వైపు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. అందరికీ పెద్ద ఈయన.

చదివిన బడి ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారిది. ఈ మాట దగ్గర మన సభ్యులు ఒక క్షణం ఆగాలి. బొంబాయిలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు మన పిల్లలకి ఒక బడి ఉండాలి అనుకుని పెట్టుకున్న సంస్థ అది. మనలాంటి పెద్దలే చందాలు వేసుకుని, స్థలం కోసం తిరిగి, ఇలాంటి సంస్థలు నిలబెడతారు. ఆ బడిలో ఏడో తరగతి దాకానే చదివారు. ఇంట్లో డబ్బు ఇబ్బంది వల్ల చదువు ఆగిపోయింది. ఆ తర్వాత బొంబాయి వీధుల్లో పెన్నులు అమ్మారు. ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? సినిమా నటుల గొంతులు పెట్టి, వాళ్ళ నడకలు నడిచి, పాటలకి చిందులేసి అమ్మారు. కొన్నాళ్ళు హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురాలో ఉన్నారు. హాస్యం చెప్పే తన తీరు అక్కడే పట్టుబడిందని అంటారు. అప్పటికే పేరున్న మిమిక్రీ కళాకారుల దగ్గర మెళకువలు నేర్చుకున్నారు.

తర్వాత నాన్న పనిచేసే కంపెనీలోనే కూలీగా చేరారు. బరువైన డ్రమ్ములు మోసే పని. మధ్యాహ్నం పూట తోటి కార్మికులకి గొంతులు పెట్టి చూపిస్తూ ఉండేవారు. ఒకసారి కంపెనీ వేడుకలో కార్మికులందరి ముందూ పై అధికారుల్ని అనుకరించి చూపించారు. జనం పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి తోటి కార్మికులు ఆయన్ని 'జానీ లీవర్' అనడం మొదలుపెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఈ పేరు గురించి రెండు మాటలు చెప్పాలి. తమిళనాట ఉన్న తెలుగువాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు పేరుకి ముందు నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటే రాస్తారు. ఇంటిపేరు అడిగేవాడు లేడు. అలా ఎన్నో కుటుంబాల ఇంటిపేర్లు పెళ్ళి పత్రికల్లో తప్ప ఇంకెక్కడా కనిపించకుండా పోయాయి. జనుమల అనే ఇంటిపేరుకీ అలాగే అయింది, కాకపోతే అక్షరం బదులు ఒక కంపెనీ పేరు వచ్చి చేరింది. విచిత్రం ఏమిటంటే ఆ కంపెనీ 2007లో తన పేరు హిందుస్థాన్ యూనిలీవర్ అని మార్చుకుంది. పాత పేరు కంపెనీ బోర్డు మీద లేదు, ఆయన దగ్గర ఉంది. ఆయన పిల్లలు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. తోటి కూలీలు నవ్వి పెట్టిన పేరు ఒక కుటుంబానికి ఇంటిపేరు అయిపోయింది.

వేదికల మీద పేరు పెరిగేకొద్దీ కంపెనీకి సెలవులు ఎక్కువయ్యాయి. 1981లో ఉద్యోగం వదిలేశారు. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో తిరిగారు. 1982లో వాళ్ళతోనూ అమితాబ్ బచ్చన్‌తోనూ కలిసి విదేశాల్లో ప్రదర్శనలు ఇచ్చారు. అదే ఏడు సునీల్ దత్ తీసిన 'దర్ద్ కా రిష్తా'లో వేషం దొరికింది. కాని దేశమంతా ఆయన్ని గుర్తుపట్టింది 1993లో, 'బాజీగర్'లో మతిమరుపు బాబూలాల్ వేషంతో. లెక్క వేసి చూడండి. మొదటి సినిమా అవకాశానికీ ఆ పేరుకీ మధ్య 11 ఏళ్ళు. ఆ 11 ఏళ్ళూ చిన్నాచితకా వేషాలతో పాటు ఆయన్ని నిలబెట్టింది వేదికే. ఆ తర్వాత 'దీవానా మస్తానా'కి, 'దూల్హే రాజా'కి ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డులు. 'కుఛ్ కుఛ్ హోతా హై', 'బాద్‌షా', 'కోయీ మిల్ గయా' లాంటివి మనలో చాలామంది చూసే ఉంటారు. హిందీ రాని మన ఆడవాళ్ళు కూడా ఆయన ముఖం చూసి నవ్వేవాళ్ళు. మాట అర్థం కాకపోయినా నవ్వు వచ్చిందంటే ఆ మనిషి ఎంత సాధన చేసి ఉంటాడో ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు స్టాండప్ కామెడీ అంటే కుర్రాళ్ళు కాఫీ హోటళ్ళలో ఒక మైకు పట్టుకుని నిలబడటం అనుకుంటున్నారు. ఆయన కాలంలో ఆ మాట మన ఊళ్ళలో లేదు. ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య వాయిద్యాలు సర్దుకునేటప్పుడు, జనం లేచిపోకుండా ఉండటానికి ఒక మనిషి కావాలి. అతనికి అయిదు నిమిషాలు ఇస్తారు. తమిళనాట లైట్ మ్యూజిక్ కచేరీలు చూసినవాళ్ళకి ఈ మనిషి బాగా తెలుసు. పోస్టరులో గాయకుల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, ఇతని పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. జానీ లీవర్ ఆ ఖాళీ అయిదు నిమిషాల్లోంచి వచ్చిన మనిషి. జనం తన కోసం టిక్కెట్టు కొనేలా చేసుకున్నారు.

ఇది ఒక్క బొంబాయి కథే అనుకోకండి. మన మద్రాసులోనే ఇంకొకటి ఉంది, అందులో రైల్వే కూడా ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేం. నగేశ్ గారి మాతృభాష కన్నడం. ధారాపురంలో పెరిగారు. మద్రాసులో రైల్వే గుమాస్తా. నాటకంలో కడుపునొప్పి రోగి వేషం వేశారు, చిన్న వేషం. చూడటానికి వచ్చిన ఎం.జి.ఆర్. ఆ వేషాన్నే మెచ్చుకున్నారు. అలా పేరు బయటికి వచ్చింది. కె. బాలచందర్ అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఉద్యోగి. ఆయన నగేశ్ కోసం రాసిన 'సర్వర్ సుందరం' మొదట నాటకం, 1964లో సినిమా అయింది. ఆ రోజుల్లో మద్రాసులో సర్కారు ఆఫీసులు వదిలాక సాయంత్రాలు ఎక్కడ చూసినా రిహార్సల్సే. గుమాస్తాలు, టైపిస్టులు, అకౌంటెంట్లు వేషాలు వేసుకుని ఆడేవాళ్ళు. ఆ చిన్న వేదికలు లేకపోతే నగేశ్ జీతం తీసుకుని, పింఛను తీసుకుని వెళ్ళిపోయేవారు. ఆయన ఎవరో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ ఇద్దరిలోనూ ఒకే సంగతి కనిపిస్తుంది. ఇద్దరూ ఉన్న ఊరి భాష ఇంట్లో మాట్లాడే భాష కాని పిల్లలు. ఇద్దరికీ మొదటి చప్పట్లు పెద్ద కంపెనీల సినిమాల్లో కాదు, తోటి ఉద్యోగుల ముందు, చిన్న వేదికల మీద పడ్డాయి.

మొదటి సంగతి గురించి మేము చాలా ఆలోచించాం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లవాడికి చెవి తెరుచుకుని ఉంటుంది. ధారావిలో తమిళం, మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, హిందీ ఒకే గోడకి అటూ ఇటూ వినిపిస్తాయి. ఎవరు 'స' పలుకుతారు, ఎవరు 'శ' పలుకుతారు, ఎవరు మాట చివర లాగుతారు అన్నది ఆ పిల్లవాడికి పాఠం చెప్పకుండానే వచ్చేస్తుంది. మన పిల్లకాయలకీ ఇదే ఆస్తి ఉంది. ఇంట్లో అమ్మమ్మ తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. హొసూరు వైపు అయితే కన్నడం కూడా. పెద్ద ఊళ్ళల్లో పుట్టి ఒక్క భాషతో పెరిగిన పిల్లలకి లేని చెవి మన పిల్లలకి ఉంది.

కాని మన ఇళ్ళల్లో దీన్ని ఆస్తి అనరు, లోపం అంటారు. ఆంధ్రా నుంచి బంధువులు వస్తే 'మీది అరవ తెలుగు' అని నవ్వుతారు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అలా చదివిన నోటికి 'భ' పలకడం, 'ధ' పలకడం పెద్దయ్యాక నేర్చుకోవలసిన పని. తెలుగు అక్షరాలే మాలో చాలామంది ఉద్యోగంలో చేరాక కూడబలుక్కుని నేర్చుకున్నారు. కాబట్టి ఆ నవ్వు ఎలా గుచ్చుకుంటుందో మాకు బాగా తెలుసు.

కొన్నేళ్ళ కిందట ఒక సంఘం వార్షికోత్సవంలో చూశాం. ఏ సంఘం, ఏ ఊరు అన్నది ఇక్కడ అవసరం లేదు. పదకొండేళ్ళ కుర్రవాడు మైకు ముందుకి వచ్చాడు. ధైర్యంగా మొదలుపెట్టాడు. 'ఇక్కడ మాట్లాడటం నా బాగ్యం' అన్నాడు. ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి గట్టిగా 'బాగ్యం కాదు నాయనా, భాగ్యం' అని సరిచేశారు. హాలంతా నవ్వింది. ఆయన చెడ్డవారు కారు, భాష మీద ప్రేమతోనే అన్నారు. కాని ఆ పిల్లవాడు తర్వాత వాక్యం మరిచిపోయాడు, దిగిపోయాడు. మరుసటి ఏడాది కూడా వచ్చాడు గాని తిండి వేళకి వచ్చి, స్నేహితులతో తమిళంలో మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రానే లేదు.

అదే కుర్రవాడికి ఆ పెద్దమనిషి గొంతు పెట్టే అవకాశం ఇచ్చి ఉంటే? 'బాగ్యం కాదు నాయనా' అని ఆయన లాగే కళ్ళజోడు సర్దుకుంటూ అని ఉంటే? హాలు అప్పుడూ నవ్వేది. కాని ఆ నవ్వు పిల్లవాడి వైపు ఉండేది. ఎగతాళికీ అనుకరణకీ తేడా ఇదే. ఎగతాళి చేసేవాడికి ఎదుటివాణ్ణి సరిగ్గా వినవలసిన పని లేదు. అనుకరించేవాడు మాత్రం ఎదుటివాణ్ణి రోజుల తరబడి వినాలి, గమనించాలి. జానీ లీవర్ అధికారుల్ని అనుకరించిన రోజున కార్మికులు నవ్వారంటే, వాళ్ళ నడకా మాటా అంత అచ్చంగా దింపారని అర్థం.

తెలుగులో మిమిక్రీని ధ్వన్యనుకరణ అన్నారు, తమిళంలో పలకురల్ అంటారు. ఈ విద్యకి మన భాషలో మర్యాద లేదని ఎవరైనా అంటే వరంగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారిని గుర్తు చేయండి. 1932లో పుట్టి 2018 దాకా ఉన్నారు. ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న సామెత మనదే, ఈయన కూడా మనవాడే. పక్కింటి తమిళవాళ్ళ సామెత వేరు. నోరారా నవ్వితే రోగం విడిచి పోతుంది అంటారు వాళ్ళు. రెండు సామెతలూ విని పెరిగినవాళ్ళం కాబట్టి మేము రెండోదాని వైపే ఉంటాం.

ఇప్పుడు మన సభ్యులు ఏమంటారో మాకు తెలుసు. ఇలాంటి మాటలు ఇదివరకే విన్నాం. ఒక్కొక్కటి తీసుకుందాం.

ఒకటి, 'ఇది తిండి పెట్టే విద్య కాదు. జానీ లీవర్ ఒక్కడు పైకొస్తే వెయ్యిమంది కింద ఉండిపోయారు.' నిజమే. ఆయన ఏడో తరగతితో ఆపింది ఇష్టమై కాదు, పేదరికం వల్ల. దాన్ని గొప్పగా చెప్పుకుని పిల్లల్ని చదువు మానమనే మూర్ఖత్వం మాకు లేదు. గమనించవలసింది వేరే ఉంది. ఆయన వేదికని నమ్ముకుని మొదటి రోజే ఉద్యోగం వదల్లేదు. జీతం తెచ్చుకుంటూ, సెలవు రోజుల్లో ప్రదర్శనలిస్తూ, ఆ ఆదాయం నిలబడ్డాకే 1981లో బయటికి వచ్చారు. ఆయన కూతురు జేమీ లీవర్‌ని చూడండి. లండన్‌లో మార్కెటింగ్‌లో మాస్టర్స్ చదివింది. ఆ తర్వాతే స్టాండప్‌లోకి వచ్చింది. 2024లో 'ఆ ఒక్కటీ అడక్కు' అనే తెలుగు సినిమాలో నటించింది. తాత పని కోసం వదిలివచ్చిన భాషలోకి, మనవరాలు నవ్వించడానికి తిరిగి వచ్చింది. చదువూ విద్యా రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు అనడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా మనం అడుగుతున్నది ఉద్యోగం కాదు. ఏడాదికి ఒక రోజు, అరగంట వేదిక.

రెండు, 'హాస్యం పేరుతో బూతులు, కులం మాటలు, ఆడవాళ్ళ మీద జోకులు వస్తాయి.' ఈ భయం మాకూ ఉంది. ఇప్పుడు సెల్‌ఫోన్లో వచ్చే కొన్ని కార్యక్రమాలు ఇంటిల్లిపాదీ కలిసి చూడలేం. అయితే దానికి మందు వేదిక మూసేయడం కాదు. ముందే నియమం చెప్పడం. ఒళ్ళు, రంగు, కులం, మతం, ఎవరి ఇంటి గుట్టు, ఇవి వద్దు. తన మీద, తన వీధి మీద, తన తరం మీద, మన పెద్దల మీద ఎంతైనా చెప్పొచ్చు. వారం ముందు ఇద్దరు పెద్దలు విని చూస్తే సరిపోతుంది. వినేవాళ్ళలో ఒకరైనా ఆడవాళ్ళు ఉండాలి. జానీ లీవర్ నాలుగు దశాబ్దాలు కుటుంబాల ముందే నవ్వించారు. ఇంట్లో అందరూ కూర్చుని చూసే హాస్యం కష్టమే, అందుకే అది నేర్పవలసిన విద్య.

మూడు, ఇది అన్నిటికంటే పెద్దది. 'ఈ పిల్లలకి తెలుగు సరిగ్గా రాదు. సగం తమిళం, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడితే వేదిక మీద భాష పాడైపోతుంది.' ఈ మాట అనేవాళ్ళ బాధ మాకు తెలుసు. తమిళనాట 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తరగతి తరగతికీ పెరుగుతూ 2015-16కి అది పదో తరగతి చేరింది. తెలుగు బడులు అంతకు ముందే తగ్గుతూ ఉన్నాయి. తమిళం నేర్చుకోవద్దని మనం ఎప్పుడూ అనలేదు, అది మనకి అన్నం పెట్టిన భాష. కాని బడిలో తెలుగు దొరకని పిల్లవాడికి ఇక తెలుగు ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో, సంఘంలో. సంఘంలో కూడా నోరు తెరిస్తే తప్పులు లెక్కపెడితే వాడు నోరు మూసుకుంటాడు. మూసిన నోటితో ఏ భాషా నిలవదు. తప్పులతో మాట్లాడే తెలుగుకి రేపు బాగుపడే దారి ఉంది. మాట్లాడని తెలుగుకి ఏ దారీ లేదు.

ఇంకోటి కూడా గమనించండి. నవ్వించాలనుకునే పిల్లవాడు భాషని ఊరికే వదలడు. మాట ఒక్కటి అటూ ఇటూ అయితే నవ్వు రాదని వాడికి వేదిక మీదే తెలిసిపోతుంది. అమ్మమ్మ తిట్టు అచ్చంగా చెప్పాలంటే ఆమె దగ్గర కూర్చుని వినాలి. తాత సామెత ఎక్కడ వాడాలో అడగాలి. మనం ఎంత బతిమాలినా రాని పిల్లవాడు, రెండు నిమిషాల మిమిక్రీ కోసం పెద్దవాళ్ళ చుట్టూ తిరుగుతాడు. పద్యం బట్టీ పట్టించడం మంచిదే, మేమూ దానికి వ్యతిరేకం కాదు. కాని బట్టీ పట్టిన పద్యం దిగగానే మరిచిపోతారు. తాను కట్టిన మాట మీద హాలంతా నవ్విన సాయంత్రాన్ని జన్మలో మరిచిపోరు.

మన ఉత్సవాలు ఎలా జరుగుతున్నాయో అందరికీ తెలుసు. దీపం, ప్రార్థన, స్వాగతం, నివేదిక, ముఖ్య అతిథి గంట ప్రసంగం, శాలువాలు, ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళకి బహుమతులు. చివర్లో భోజనాలు వడ్డించే లోపల 'ఎవరైనా పిల్లలు ఏదైనా చేస్తారా?' అని ఒక పిలుపు. అప్పటికి సగం హాలు లేచి వరసలో నిలబడి ఉంటుంది. ఇంజనీరు అయిన పిల్లకి శాలువా కప్పుతాం, బాగుంది, కప్పాలి. నవ్వించే పిల్లకి మాత్రం పళ్ళేల చప్పుడు మధ్యలో పది నిమిషాలు. జానీ లీవర్‌కి మొదట దొరికింది కూడా ఇలాంటి ఖాళీ నిమిషాలే. కాని ఆయన తోటి కార్మికులు లేచిపోలేదు, కూర్చున్నారు. ఒక పేరు కూడా పెట్టి పంపారు.

కాబట్టి మేము అడిగేది ఇది. వచ్చే వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ప్రసంగానికి ముందు అరగంట నవ్వుల వేదిక పెట్టాలి. భోజనాలప్పుడు కాదు, ముందు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, ఆరుగురు. ఆడపిల్లలు ఇద్దరికి తగ్గకూడదు. ఆహ్వాన పత్రికలో వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా అచ్చు వేయాలి. ఎలాగూ ఇంటిపేర్లు మాయమైపోతున్నాయి, ఆ ఒక్క కాగితం మీదైనా ఉండనీ. బయటి నుంచి పిలిచే ఆర్కెస్ట్రాకి ఇచ్చే డబ్బులో కొంత వీళ్ళకి సంభావనగా ఇవ్వాలి, ఎంత చిన్నదైనా సరే కవరులో పెట్టి ఇవ్వాలి. ఏ తెలుగు వస్తే ఆ తెలుగు మాట్లాడనివ్వాలి. మధ్యలో తమిళం వచ్చినా, ఒడియా వచ్చినా, మరాఠీ వచ్చినా ఆపకూడదు. సరిచేయాలనిపిస్తే మరుసటి రోజు ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి. మైకు ముందు మాత్రం చెప్పకూడదు. బెంగుళూరు, బరంపురం, షోలాపూరు, యానాం సంఘాల మిత్రులు కూడా ఇది చదువుతారని తెలుసు. మీ దగ్గర ఎలా వీలవుతుందో మీరు చూసుకోండి. ఎక్కడైనా ఇప్పటికే ఇలా చేస్తూ ఉంటే ఎలా చేస్తున్నారో రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది.

ఇంకో షరతు కూడా పెట్టాలి. ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా కార్యవర్గంలో కనీసం ఒకరిని అనుకరించి తీరాలి. అధ్యక్షుల వారు మైకు తట్టి 'హలో హలో' అనడం, కోశాధికారి గారు చందా అడిగేటప్పుడు గొంతు తగ్గించడం, మా రైల్వే పింఛనుదారులం ఏ మాట మొదలుపెట్టినా 'మా రోజుల్లో' అని మొదలుపెట్టడం, అన్నీ చూపించాలి. మొదటి వరసలో మేము కూర్చుంటాం. లేచిపోము. మా ఇంటి పిల్లలతో ఇప్పుడే చెప్పి ఉంచాం, మొదట మమ్మల్నే పట్టుకోమని.

వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో ఈ అంశం చర్చకి పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాం. ఒప్పుకునేవాళ్ళు ఈ రాత కింద పేరు రాయండి. ఒప్పుకోనివాళ్ళు కారణం రాయండి, చదువుతాం, జవాబు చెబుతాం. చప్పట్ల బొమ్మ ఒక్కటి పెట్టి మాత్రం వెళ్ళిపోకండి.